చూరు నీళ్ళు మన తోటకి రావాలి
(9వ తరగతి విద్యార్థిని అభిప్రాయం)

 

ఈ నెల గోడపత్రికకి పొడుపుకథలు రాయమని నాకు తెల్ల కాగితం ఇచ్చారు. పొడుపుకథలు వచ్చే నెల రాస్తాను. తోట సంగతి మాత్రం ఇప్పుడే రాయాలి, వానలు వెళ్ళిపోయాక రాస్తే ఏం లాభం?

సంక్రాంతి సెలవుల తర్వాత మన కూరగాయల తోట ఆపేస్తారని హాస్టల్లో మాట నడుస్తోంది. నీళ్ళు లేని తోట దండగ అని పెద్దలు అనుకున్నారంటే దానికి కారణం ఉంది. పోయిన ఏడాది పుష్యమాసం వచ్చేసరికి వంగ మొక్కలు నిలువునా ఎండిపోయాయి, తోటకూర మడి నెర్రెలిచ్చింది. అందరం చూశాం. తోట డ్యూటీ తప్పుతుందని కొందరు లోపల్లోపల సంతోషిస్తున్నారు కూడా. (పేర్లు రాయను.) నా అభిప్రాయం ఏమిటంటే, తోట ఆపొద్దు. పల్లం నుంచి నీళ్ళు మోయడం తగ్గించాలి. అందుకోసం భోజనశాల రేకుల మీద నుంచి ఊరికే పోతున్న చూరు నీళ్ళు పట్టుకుని దాచుకోవాలి.

ముందు మోత లెక్క చెప్తాను. మన తోటలో మడులు పది. ఒక్కొక్కటి మీటరు వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు. మొత్తం 40 చదరపు మీటర్లు. ఎండ రోజుల్లో కూరగాయల మడికి చదరపు మీటరుకి రోజుకి నాలుగు లీటర్లయినా పొయ్యాలి. అంటే 160 లీటర్లు. మన బకెట్టు నిండా పట్టినా దారిలో తొణికిపోగా 13 లీటర్లు మిగులుతాయి. అలాంటివి పన్నెండు పదమూడు బకెట్లు. బోరింగు పల్లంలో ఉంది, తోట వంటగది వెనక మెరక మీద ఉంది. డ్యూటీ వాళ్ళం ఐదుగురం. బోరింగు దగ్గర స్నానాల వాళ్ళు, బట్టల వాళ్ళు, గిన్నెల వాళ్ళు వరసలో ఉంటారు. మన వంతు వచ్చి, కొట్టి, మోసి, పోసి వచ్చేసరికి పొద్దున్న స్టడీ అవర్ సగం అయిపోతుంది. వేసవి దగ్గర పడితే బోరింగు కూడా అలిసిపోతుంది, పది సార్లు కొడితే గాని నీళ్ళు పైకి రావు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో బడి గుమ్మం తొక్కింది నేనే మొదట. నువ్వెందుకు చదువుకోలేదు అని మా అమ్మని అడిగితే "నీళ్ళు ఎవరు తెస్తారే?" అంది. ఊటగెడ్డ నుంచి నీళ్ళు తేవడం, తమ్ముళ్ళని ఎత్తుకోవడం, పోడులో పక్షుల్ని తోలడం, చిన్నప్పుడు ఆమె చేసినవి ఇవే. ఇక్కడ ఉన్న చాలామంది అమ్మలు కూడా ఇదే చెప్తారు, కావాలంటే ఈసారి సెలవుల్లో అడగండి. మా అమ్మ నా బిందె కూడా తనే మోస్తానని నన్ను ఇక్కడికి పంపింది. ఇక్కడికి వచ్చి స్టడీ అవర్లో నేను బకెట్టు మోస్తున్నానంటే ఆమెకి ఏమని చెప్పాలి? పని వద్దనడం లేదు. కలుపు తీస్తాను, పేడ మోస్తాను, మట్టి తవ్వుతాను, అవి నాకు ఇష్టమే. నీళ్ళు మన కప్పు మీదికే వచ్చి పడుతుంటే వాటిని వదిలేసి, మళ్ళీ పల్లం నుంచి మోసుకురావడమే నాకు నచ్చలేదు.

భోజనశాల కప్పు ఒక వాలు సరిగ్గా తోట వైపే ఉంది. వాన వస్తే ఆ చూరు ధారలు పడి పడి కింద కాలవ తవ్వేశాయి. ఆ నీళ్ళు మన బట్టలు ఆరేసే చోటు మీదుగా, గేటు పక్క నుంచి గెడ్డలోకి పోతాయి. పోతూ పోతూ మనం మడుల్లో వేసిన పేడ ఎరువుని కూడా పట్టుకుపోతాయి. నేనూ, నా పక్క మంచం అమ్మాయీ పి.ఇ.టి. మేడమ్ దగ్గర టేపు అడిగి ఆ వాలు కొలిచాం. రేకు మీద కొలవకూడదు. వాలు నిటారుగా ఉంటే రేకు పొడవు పెరుగుతుంది గాని దాని మీద వాన పెరగదు కదా. ఆ రేకు కింద నేల ఎంత ఉందో అది కొలవాలి. 18 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు వచ్చింది. 63 చదరపు మీటర్లు.

ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్ళు. నమ్మనివాళ్ళు లెక్కల పుస్తకంలో ఘనపరిమాణాల పాఠం తీసి, మీటరుని మీటరుతో, దాన్ని మిల్లీమీటరుతో హెచ్చవేసి చూడండి. అంటే 10 మి.మీ. వానకి మన వాలు మీద 630 లీటర్లు. రేకు తడవడానికి, చిందడానికి, మొదట వచ్చే మురికి నీళ్ళు వదిలెయ్యడానికి ఐదో వంతు తీసేసినా 500 లీటర్లు మిగులుతాయి. మన ఏజెన్సీకి 10 మి.మీ. ఏపాటి? శ్రావణంలో ఒక జడి చాలు. పాడేరు వైపు ఏడాదికి 1000 మి.మీ. పైనే పడుతుంది. వెయ్యే అనుకున్నా, ఆ ఒక్క వాలు నుంచే 50,000 లీటర్లు. మన బకెట్లతో అయితే మూడు వేల ఎనిమిది వందల బకెట్లు పైన. ఈ లెక్క వేసినప్పుడు నేను రెండుసార్లు కొట్టేసి మళ్ళీ వేశాను, అంతే వచ్చింది.

ఇది చెప్తే పదో తరగతి అక్క ఒకరు ఇలా అడిగారు. "వాన పడేటప్పుడు తోటకి నీళ్ళు అక్కర్లేదు. తోటకి కావల్సినప్పుడు వాన ఉండదు. యాభై వేల లీటర్లు ఎక్కడ దాస్తావు, నీ ట్రంకు పెట్టెలోనా?" అందరూ నవ్వారు. నవ్వినా ప్రశ్న మంచిదే. దీనికి జవాబు లేకపోతే నేను చెప్పిందంతా ఉత్త మాటే అవుతుంది.

జవాబు అక్క వాళ్ళ తరగతి పుస్తకంలోనే దొరికింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ళ పదో తరగతి భూగోళం పుస్తకం, నీటి వనరుల పాఠంలో కర్ణాటకలో మైసూరు దగ్గర గెండతూరు అనే ఊరి గురించి రాశారు. అక్కడ దాదాపు 200 ఇళ్ళ వాళ్ళు ఇంటి కప్పు మీద వాన నీళ్ళు పట్టుకునే ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళకీ ఏడాదికి వాన 1000 మి.మీ.లే. అందులో నూటికి 80 వంతులు పట్టుకుంటే ఒక్కో ఇంటికి 50,000 లీటర్లు వస్తుందని లెక్క ఇచ్చారు. మన వాలు లెక్కా అంతే వచ్చింది గదా, నాకు చాలా సంతోషమయింది. అయితే వాళ్ళు యాభై వేల లీటర్లూ ఒక్కసారే దాచరు. తొట్టి ఏడాదికి పది సార్లు నిండుతుంది. నిండుతుంది, వాడుకుంటారు, మళ్ళీ నిండుతుంది. చిన్న తొట్టి పెద్ద తొట్టి పని చేసేది అలాగే. నిండా ఉన్న పీపాని ముట్టుకోకుండా దాచుకుంటే వచ్చే వాన దాని పక్క నుంచి పోతుంది, అందులోకి ఒక్క చుక్క కూడా పట్టదు.

ఇంకొకటి. వానాకాలం అంటే రోజూ వాన కాదు. నడుమ వరపు వస్తుంది, వారం పది రోజులు మబ్బు కూడా కనపడదు. నారు తీసి నాటిన వంగ, టమాటా, మిరప మొక్కలు సరిగ్గా అప్పుడే చస్తాయి. వాటి వేరు ఇంకా పైపైనే ఉంటుంది మరి. మనం మాత్రం వానాకాలమే కదా అని బకెట్లు ముట్టుకోము. పోయిన ఏడాది నాటిన మిరప ఎన్ని బతికాయో గుర్తుందా? మన దగ్గర రెండు పీపాలు ఉన్నాయి. రెండూ కలిపి 400 లీటర్లు. కొత్తగా నాటిన నాలుగు మడులకి రోజుకి 64 లీటర్లు పోస్తే ఆరు రోజులు వస్తాయి. ఈ లోపల 8 మి.మీ. జల్లు పడితే రెండూ మళ్ళీ నిండుతాయి. తోట మెరక మీదే ఉంది, పీపాలు తోట పక్కనే ఉంటాయి. బకెట్టు పట్టుకుని నడిచేది పది అడుగులు.

కార్తీకం దాటాక సంగతి వేరు. అది దాచి రాయను. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా 90 రోజులు పది మడులకీ నీళ్ళు కావాలంటే 14,400 లీటర్లు. 72 పీపాలు. అన్ని పెడితే మనం ప్రార్థనకి నిలబడడానికి చోటుండదు. పెద్ద సిమెంటు తొట్టి కట్టించడం పెద్దల చేతిలో పని. కట్టిస్తే దండం పెడతాం. అది వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదని నేనంటాను. నేల కూడా నీళ్ళు దాచుకుంటుంది. మా తాత పోడులో వాలుకి అడ్డంగా రాళ్ళు వరస పేరుస్తాడు. ఎందుకు తాతా అంటే "నీళ్ళకి కాళ్ళున్నాయి, పరిగెత్తనియ్యకూడదు" అన్నాడు. మన తోట కూడా వాలే. పీపాలు నిండి పొర్లిన నీళ్ళని మడుల మధ్య వాలుకి అడ్డంగా తీసిన అడుగు లోతు కందకాల్లోకి వదిలితే అక్కడే ఇంకుతాయి. పైన ఎండుటాకులు, గడ్డి నాలుగు వేళ్ళ మందం పరిస్తే ఎండకి తొందరగా ఆరిపోవు. మన వెనక గోడ దగ్గర పనసాకు గుట్టలు గుట్టలుగా రాలుతుంది, దాన్ని ఊడ్చి తగలబెడుతున్నాం. ఆ పొగకి మనమే దగ్గుతున్నాం.

చలికాలంలో పది మడులూ అక్కర్లేదు. నాలుగు ఉంచుదాం. వాటికి ఆకు పరిచి రోజు విడిచి రోజు నీళ్ళు పోస్తే, రోజుకి సగటున 32 లీటర్లు, రెండున్నర బకెట్లు. వంటగదిలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు ఎన్ని బకెట్లు కాలవలో పోతున్నాయో ఆయమ్మని అడగండి. అంతకంటే ఎక్కువే చెప్తుంది. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరకి వద్దు, అరటి మొదళ్ళకి పంపుదాం. మునగ, కంది వేరు లోతుకి దిగాక రోజూ నీళ్ళు అడగవు. వాటిని ఈ వానల్లోనే నాటేస్తే పుష్యానికి వాటి పాట్లు అవే పడతాయి. ఇలా చూస్తే సంక్రాంతికి తోట మూసెయ్యక్కర్లేదు, చిన్నది చేసుకుంటే సరిపోతుంది.

మేట్రన్ అమ్మ గారి భయం దోమల గురించి. అది ఉత్త భయం కాదు. మలేరియా అంటే ఏమిటో మన కొండల్లో ఏ ఇంటికీ చెప్పక్కర్లేదు. డెంగీ దోమ అయితే ఇళ్ళ దగ్గర నిలవున్న తేట నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రైడే పాటించమని ఆరోగ్య శాఖ వాళ్ళు చెప్పేది అందుకే. మనం ఆరు రోజుల్లో నీళ్ళు వాడేస్తాం. పీపా మూతి మీద పాత దోమతెర రెండు మడతలు వేసి సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కడతాం. వాన నీళ్ళు అందులోంచే దిగుతాయి, ఆకులూ పైనే ఆగుతాయి. వానలు పడి నీళ్ళు వాడకుండా ఉండిపోతే శుక్రవారం నాడు కందకాల్లోకి వదిలేసి, పీపా లోపల గోడ తోమేస్తాం. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయట. ఒకటి అడుగుతాను, ఇప్పుడు ఆ చూరు కింద కాలవలో నీళ్ళు నిలిచి లేవా? స్టోరు వెనక పగిలిన డబ్బాల్లో లేవా? వాటికి తెర ఎవరు కట్టారు?

డబ్బుల సంగతి. ప్లాస్టిక్ గొట్టాలు, తూములు కొనాలంటే బిల్లు, సంతకాలు, ఆఫీసు అన్నీ ఉంటాయి. వెదురుకి అవేమీ అక్కర్లేదు. లావు వెదురుని నిలువునా చీల్చి, లోపలి కణుపుల అడ్డాలు కొట్టేస్తే దోనె అవుతుంది. మన ఊళ్ళలో ఊట నీళ్ళు అలాగే దింపుకుంటారు. మేఘాలయలో కొండల మీద ఊట నీళ్ళని వెదురు గొట్టాల్లో వందల మీటర్లు దింపి, చివరికి మొక్క మొదట్లో బొట్టు బొట్టుగా పడేలా చేస్తారని అదే పాఠంలో ఉంది. 200 ఏళ్ళ నాటి పద్ధతి అట. అది చదివాక నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మన వాళ్ళు చేసే పనులు పుస్తకంలో అరుదుగా కనపడతాయి. అది చేసేవాళ్ళూ మనలాంటి కొండవాళ్ళే. వెదురు దోనె రెండు మూడు ఏళ్ళకి పుచ్చిపోతుంది, నిజమే. మళ్ళీ కొట్టుకోవచ్చు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఈ నీళ్ళు తాగడానికి కాదు, మొహం కడగడానికి కూడా కాదు. రేకు మీద పిట్టల రెట్ట, దుమ్ము, ఆకుకుళ్ళు ఉంటాయి. చాలా రోజుల తర్వాత వాన వస్తే మొదటి పది నిమిషాలు దోనె పక్కకి తిప్పి వదిలెయ్యాలి. ఆకుకూర మీద పొయ్యకుండా మొదట్లో పొయ్యాలి, కూర ఎలాగూ కడిగే వండుతారు. పురుగుమందు ఉన్న పీపా అయితే ఎంత కడిగినా వాడకూడదు. మన రెండు పీపాలు నీళ్ళ కోసమే కొన్నవని స్లాబు పని చేసిన మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను. 200 లీటర్లంటే 200 కిలోల బరువు, కాబట్టి ఇటుకలు ఊరికే పేర్చి నిలబెట్టకూడదు. రెండడుగుల ఎత్తు రాళ్ళ అరుగు గట్టిగా కట్టాలి. ఒకటో రెండో తరగతి చెల్లెళ్ళు దాని మీదకి ఎక్కకుండా చూడాలి.

ఇంత ఎందుకు, సంతలో ఆకుకూర కొనొచ్చు కదా అంటారు. సంత వారానికి ఒక రోజు. ఆ రోజు కొన్న తోటకూర మూడో రోజుకి ఎలా ఉంటుందో మన కంచాలకి తెలుసు. డాక్టరు మేడమ్ వచ్చి కనురెప్ప కిందకి లాగి చూసినప్పుడు మా తరగతిలో రక్తం తక్కువ అన్నవాళ్ళే ఎక్కువమంది. వారం వారం నీలం మాత్ర వేసుకుంటున్నాం, అది వేసుకోవాల్సిందే. దానితో పాటు వారానికి నాలుగు రోజులు పప్పులో తాజా ఆకు పడితే ఎవరికి నష్టం? పోయిన ఏడాది తోట ఎండిపోయాక మాఘం నుంచి పరీక్షల దాకా మనం తిన్నది బంగాళాదుంప, మళ్ళీ బంగాళాదుంప. అప్పుడు పడ్డ పేచీలు నాకు గుర్తున్నాయి, ఈ తోట డ్యూటీ వద్దన్నవాళ్ళే ఎక్కువ పేచీ పడ్డారు.

వెదురు నాలుగు గెడలు కొట్టి తెచ్చి దోనెలు చీల్చి ఇస్తానని మా పెదనాన్న ఒప్పుకున్నారు, వచ్చే ఆదివారం చూడడానికి వచ్చేటప్పుడు తెస్తారు. రాళ్ళు గెడ్డ దగ్గర ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్ళం పదిహేను మంది పేర్లు ఇచ్చాం, ఇంకా రాయాలనుకున్నవాళ్ళు ఈ కాగితం కింద ఖాళీలో రాయండి. దోనెలు చూరుకి కట్టడానికి ఎక్కేది పెద్దవాళ్ళే, మేము కింద పట్టుకుంటాం. దానికి నిచ్చెన కావాలి. స్టోరు రూములో ఒకటి ఉంది, తాళం వార్డెన్ మేడమ్ గారి దగ్గర ఉంది. ఆదివారం పొద్దున్న అది ఇప్పించమని మేడమ్ గారిని కోరుతున్నాను.